స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్‌ను ఇంట్లోనే క్లీన్ చేయడం ఎలా? ఈ వరుస మాత్రం మార్చకండి

వేసవి వస్తే మేడ మీద ఫ్రేమ్ పూల్ పెట్టుకునే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మా ఇంట్లో కూడా ఒకటుంది. ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే నేను పూల్ గురించి ఎందుకు రాస్తున్నానంటారా? పూల్‌లో అసలు గ్యాడ్జెట్ దాని ఫిల్టర్ పంపే కాబట్టి.

నీళ్లు మసకబారగానే చాలామంది ఇంకాస్త క్లోరిన్ వేస్తారు. కానీ ఫిల్టర్‌లో పేరుకున్న మురికి, నూనె కూడా ఆ క్లోరిన్‌ను తినేస్తాయి. ఇక క్రిములను చంపడానికి మిగిలేది తక్కువే. ఆడుకుంటూ పిల్లలు మింగేది ఆ నీళ్లే. అందుకే ముందు ఫిల్టర్ సంగతి చూడాలి.

ఎప్పుడు క్లీన్ చేయాలి?

పెద్ద పూల్ ఫిల్టర్లకు ప్రెషర్ గేజ్ ఉంటుంది. శుభ్రంగా ఉన్నప్పుడు చూపిన రీడింగ్ కంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే టైమ్ వచ్చినట్టే. గేజ్ లేని చిన్న పంపుల్లో నీళ్లు తిరిగి వచ్చే పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ధార బలహీనపడితే అదే సిగ్నల్.

స్టెప్ బై స్టెప్

1. పంప్ ఆఫ్ చేసి, ప్లగ్ పూర్తిగా పీకేయండి. తడి చేతులతో ప్లగ్ ముట్టుకోవద్దు.
2. వాల్వులు మూయండి. వాల్వులు లేని మోడల్ అయితే పూల్ లోపలి నుంచి రబ్బరు బిరడాలు పెట్టండి. లేదంటే మూత తీయగానే పూల్ నీళ్లు మేడ మీదికి వచ్చేస్తాయి.
3. ఎయిర్ వాల్వ్ తిప్పి లోపలి ప్రెషర్ వదిలేశాకే మూత తీయండి.
4. కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి, మామూలు నీళ్ల పైపుతో పై నుంచి కిందికి, ఏటవాలుగా కడగండి. ప్రతి మడత మధ్యకీ నీళ్లు వెళ్లాలి. కారు కడిగే ప్రెషర్ వాషర్, గట్టి బ్రష్ వద్దు. పొరలు చిరిగిపోతాయి.

నూనె ముందు, సున్నం తర్వాత

మన ఇళ్లలో ఫిల్టర్‌కు పెద్ద శత్రువు తలకు రాసుకునే కొబ్బరినూనె. దానికి సన్‌స్క్రీన్ తోడవుతుంది. ఉత్త నీళ్లతో ఈ జిడ్డు పోదు. ఫిల్టర్ క్లీనర్ కలిపిన బకెట్‌లో రాత్రంతా నానబెట్టి, బాగా జాడించాలి. బట్టల సర్ఫ్ వాడితే తర్వాత పూల్ అంతా నురగే.

బోరు నీళ్లు వాడేవాళ్లకు తెల్లటి సున్నం కూడా పేరుకుంటుంది. జిడ్డు పోయాకే దాన్ని నీళ్లు కలిపిన వైట్ వెనిగర్‌తో తీయండి. జిడ్డు ఉండగానే ఆసిడ్ తగిలితే అది మడతల్లో ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం: వెనిగర్ గానీ బాత్‌రూమ్ ఆసిడ్ గానీ క్లోరిన్‌తో కలవకూడదు. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బకెట్లు వేరుగా పెట్టండి, పని బయట గాలిలోనే చేయండి.

మళ్లీ బిగించేటప్పుడు

మూత కింద ఉండే ఓ-రింగ్‌ను తుడిచి, సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. వాజిలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ రబ్బరును ఉబ్బించి పాడుచేయొచ్చు. మూత బిగించి, వాల్వులు తెరిచి, లోపలి గాలి పోయేదాకా ఎయిర్ వాల్వ్ తెరిచి ఉంచండి. తర్వాత క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందో లేదో టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకోండి.

మడతలు నలిగినా, పొర చిరిగినా, కడిగిన రెండు రోజులకే ధార తగ్గినా కొత్త కార్ట్రిడ్జ్ కొనడమే మేలు. నేనైతే ఒకటి ఎప్పుడూ స్పేర్‌గా ఉంచుతాను. ఒకటి నానుతుంటే ఇంకోటి పనిచేస్తుంది.

పంప్ కనెక్షన్‌కు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. పిల్లలు నీళ్లలో ఉండగా ఈ ఫ్రేమ్ పూల్ పంపులు నడపొద్దని మాన్యువల్స్‌లోనే ఉంటుంది. వాళ్లు బయటికి వచ్చాకే స్విచ్ వేయండి.