సూదికి ముందు సబ్బు బుడగలు

"అన్నం తినకపోతే డాక్టరు గారితో సూది వేయిస్తా" అని పిల్లల్ని బెదిరించని ఇల్లు మన దగ్గర అరుదు. అలా అన్న నోటితోనే టీకా రోజున "అబ్బే, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటాం. ఈ రెండింటిలో పిల్లవాడు దేన్ని నమ్మాలి?

సూదులు తప్పవు. జాతీయ టీకాల పట్టిక ప్రకారం ఆరు వారాల బిడ్డకు ఒక్క రోజే మూడు పడతాయి. పెంటావాలెంట్, పీసీవీ తొడలకు, పోలియో సూది చేతికి. వానాకాలంలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్ల కోసం రోజూ రక్తం తీస్తారు. తీవ్రమైన తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సూది భయాన్ని ఆట చాలావరకు తగ్గించగలదు. అయితే నొప్పి గురించీ ఆట గురించీ మనలో పాతుకుపోయిన అపోహలు అందుకు అడ్డుపడుతున్నాయి.

అపోహ: పసిబిడ్డకి నొప్పి ఏం తెలుస్తుంది? తెలిసినా గుర్తుండదు.

ఒకప్పుడు వైద్యులూ ఇలాగే అనుకున్నారు. 1980లలో కూడా చాలాచోట్ల నవజాత శిశువులకు సరైన మత్తు, నొప్పిమందు లేకుండానే ఆపరేషన్లు చేశారు. మత్తుమందును ఆ చిన్న ప్రాణం తట్టుకోలేదన్నది వాళ్ల భయం. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ ఈ నమ్మకాన్ని కదిలించారు. నెలలు నిండకుండా పుట్టి గుండె దగ్గర ఆపరేషన్ చేయించుకున్న శిశువుల మీద ఆయన బృందం చేసిన అధ్యయనం 1987లో అచ్చయింది. ఫెంటానిల్ అనే నొప్పిమందు ఇచ్చిన బిడ్డల శరీరాలు తక్కువ ఒత్తిడికి లోనయ్యాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి.

ఇక గుర్తుండదన్న మాట. పుట్టగానే నొప్పిమందు లేకుండా సున్తీ చేసిన మగబిడ్డలు నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏడ్చారని 1997లో కెనడా పరిశోధకులు చూపించారు. అంటే మనసుకు జ్ఞాపకం లేకపోయినా ఒంటికి ఉంటుంది.

ఈ వయసు బిడ్డకు బొమ్మలతో పనిలేదు. సూదికి ముందే మొదలుపెట్టి అది పూర్తయ్యేదాకా తల్లి పాలిస్తూ ఉంటే చాలు. పాలు కుడుతుండగా సూది వేస్తే పొలమారుతుందని కొందరు వద్దంటారు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా నొప్పి మీద 2015లో ఇచ్చిన సూచనల్లో దీన్నే సిఫార్సు చేసింది.

అపోహ: "ఏం కాదు, ఏం కాదు" అంటూ ఉంటే ధైర్యం వస్తుంది.

తల్లిదండ్రులకు మింగుడుపడని వాస్తవం ఇది. సూది వేసేటప్పుడు పెద్దవాళ్లు ఏం మాట్లాడుతున్నారు, పిల్లలు ఎలా స్పందిస్తున్నారు అని చాలా అధ్యయనాలు గమనించాయి. "ఏం కాదు నాన్నా", "అయ్యో నా బంగారం", "అయిపోయింది, అయిపోయింది" లాంటి ఓదార్పులు ఎక్కువగా వినబడ్డచోట పిల్లల బెంబేలు కూడా ఎక్కువగానే కనబడింది. పిల్లవాడు భయపడుతున్నాడు కాబట్టే పెద్దవాళ్లు ఓదారుస్తారన్నదీ నిజమే. కానీ మన గొంతు మారిందంటే ఏదో జరగబోతోందని వాడు ఇట్టే పసిగడతాడు. అదే ఊపిరి ఊదమని చెప్పినప్పుడు, వేరే కబుర్లలో పెట్టినప్పుడు, నవ్వించినప్పుడు పిల్లలు మెరుగ్గా తట్టుకున్నారు.

అబద్ధం కూడా పనికిరాదు. చీమ కుట్టినట్టే ఉంటుందంటే ఈ ఒక్కసారికి నమ్ముతాడు. "కొంచెం చురుక్కుమంటుంది. అప్పుడు నువ్వు పెద్ద బుడగ ఊదాలి, సరేనా?" అనండి. నిజం చెప్పినట్టూ అవుతుంది, వాడికో పని అప్పజెప్పినట్టూ అవుతుంది. ఆసుపత్రిలో అందరూ పిల్లవాడికి ఏదో ఒకటి చేసేవాళ్లే. వాడు చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. ఆట ఆ లోటు తీరుస్తుంది.

అపోహ: ఆడిస్తూ ఏమార్చి, చూడనప్పుడు పొడిచేయాలి.

"అదిగో కాకి" అని చూపించి గుచ్చితే ఆ ఒక్కరోజుకు పని అవుతుంది. మరుసటిసారి కాకిని చూపించినా ఏడుస్తాడు.

అసలైన ఆట ఆసుపత్రికి వెళ్లకముందే మొదలవుతుంది. సూది తీసేసిన కొత్త సిరంజి, కాస్త దూది, ఒక బొమ్మ ఉంటే చాలు. పిల్లవాణ్ణి డాక్టరును చేయండి. మొదట్లో బొమ్మను కసిదీరా పొడుస్తాడు, పొడవనివ్వండి. కాసేపటికి దూది అద్దుతాడు, కట్టు కడతాడు, "ఏడవకు" అని బొమ్మకే చెబుతాడు. నెబులైజర్ మాస్కునూ ముందు ఎలుగుబంటి ముఖానికి పెట్టనివ్వవచ్చు. ఈ ఆట ఎప్పుడు ఆడాలన్నది వయసును బట్టి ఉంటుంది. రెండు మూడేళ్ల పిల్లలకు వెళ్లేముందు చాలు, వారం ముందే చెబితే వారమంతా భయపడతారు. ఐదారేళ్లు వచ్చినవాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు చెబితే ప్రశ్నలు అడిగే వ్యవధి దొరుకుతుంది.

సూది వద్దు అనే అవకాశం పిల్లవాడికి ఎలాగూ లేదు. కాబట్టి "వేయించుకుంటావా?" అని అడగకండి. ఏ చెయ్యి, చూస్తావా కళ్లు మూసుకుంటావా, నీలం బుడగల సీసానా ఎర్రదా అని అడగండి.

అపోహ: చేతిలో ఫోన్ పెడితే సరి.

ఫోన్ కొంత పనిచేస్తుంది, కాదనను. సూది నొప్పి మీద మానసిక పద్ధతుల అధ్యయనాలను 2018లో పరిశీలించిన కోక్రేన్ సమీక్ష, దృష్టి మళ్లించడం వల్ల నొప్పీ బెదురూ తగ్గే అవకాశముందని చెప్పింది. తంటా ఎక్కడంటే, సిరంజి కనబడ్డాక, ఏడుపు తారస్థాయికి చేరాక ఫోన్ అందిస్తాం. అప్పటికి వాడు దాన్ని విసిరేస్తాడు. కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాలి. ఊరికే చూసే వీడియో కంటే చేతికీ నోటికీ పని పెట్టే ఆట నయమని నాకనిపిస్తుంది. బుడగలు ఊదడం, కాగితపు గాలిమర తిప్పడం లాంటివి మంచివి. నిదానంగా పొడవుగా ఊపిరి వదిలితే ఒళ్లు సడలుతుంది. దెబ్బ తగిలిన మోకాలి మీద మన అమ్మమ్మలు "ఉఫ్" అని ఊదేవారు. ఇక్కడ పిల్లవాడి చేతనే ఊదిస్తాం.

పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వీడియో తీసి స్టేటస్‌లో పెట్టే తండ్రులున్నారు. ఆ ఫోన్‌తో ఎవరికీ మేలు లేదు.

అపోహ: తల్లిని బయటికి పంపి, నలుగురు గట్టిగా పట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాప మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అమ్మ దగ్గర లేని పాప క్రమంగా ముడుచుకుపోవడం అందులో కనబడుతుంది. నెమ్మదిగా ఉందని నర్సులు అనుకునే స్థితి నిజానికి దిగులే. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ నివేదిక పిల్లల వార్డులకు తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలంది. అమ్మను చూడగానే ఏడుపు పెరిగిందంటే బాధ పెరిగిందని అర్థం కాదు, బయటపెట్టే చోటు దొరికిందని.

పట్టుకోవడం వేరు, అణచిపెట్టడం వేరు. మంచం మీద వెల్లకిలా పడుకోబెడితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. అమ్మ ఒడిలో, అమ్మ ఛాతీకి ఛాతీ ఆనించి, ఒక చెయ్యి మాత్రం సిస్టర్‌కు అందేలా కూర్చోబెడితే పిల్లవాడు కదలడు, భయమూ తగ్గుతుంది.

అపోహ: ఇవన్నీ కార్పొరేట్ ఆసుపత్రుల ముచ్చట్లు.

సబ్బునీళ్లకు ఎంతవుతుంది? అంగన్‌వాడీలో టీకా రోజున ఏఎన్‌ఎం ముందు ఎంత వరస ఉంటుందో తెలిసే అంటున్నాను. పెనుగులాడే పిల్లవాడితో పట్టే సమయం బుడగలు ఊదించే సమయం కంటే ఎక్కువ. వరసలో ఉన్నవాళ్లకు సూది కనబడకుండా ఒక చీర అడ్డం కట్టినా సగం కేకలు తగ్గుతాయి.

అపోహ: బాగా ఆడిస్తే నొప్పిమందు అక్కర్లేదు.

ఆటను నమ్మేవాళ్లలో పుట్టే అపోహ ఇది, అన్నిటికంటే ప్రమాదకరమైనది. కాలిన గాయానికి కట్టు మార్చడం, విరిగిన ఎముక సరిచేయడం, వెన్నునీరు తీయడం లాంటివాటికి మందు ఉండాల్సిందే. ఆట దానికి తోడు మాత్రమే. పదేపదే సూదులు పడే పిల్లలకు చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్–ప్రిలోకైన్ క్రీమ్ గురించి డాక్టర్ని అడగండి. దాన్ని సుమారు గంట ముందే రాయాలి, చాలామంది ఐదు నిమిషాల ముందు రాసి పనిచేయలేదంటారు. టీకాకు ముందే పారాసిటమాల్ వేసినా సూది నొప్పి ఆగదు.

అపోహ: సూది పడ్డాక ఇక ఆటతో పనేముంది?

మరుసటి సూది భయం అప్పుడే తయారవుతుంది. "ఎంత గోల చేశాడో తెలుసా!" అని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబితే పిల్లవాడికి ఆ గోలే గుర్తుండిపోతుంది. వెన్నునీరు తీయించుకునే లుకేమియా పిల్లలతో చేసిన ఒక అధ్యయనంలో, వాళ్లు గతంలో బాగా చేసిన పనుల్ని గుర్తుచేసి మాట్లాడితే తర్వాతిసారి ఆందోళన తగ్గింది. "చెయ్యి కదపకుండా ఎలా ఉంచావో!" అనండి, అది నిజమైతేనే. ఇంట్లో తాతయ్యకూ చెల్లికీ పిల్లికీ వరసగా ఇంజక్షన్లు వేస్తుంటే వేయనివ్వండి. అయితే ఆట వారాల తరబడి అదే భయం దగ్గర ఆగిపోయి, నిద్రలో ఉలిక్కిపడుతూ ఉంటే పిల్లల డాక్టరుకు చెప్పాలి.