పునరుత్థానం మీద సందేహం వస్తే విశ్వాసం పోయినట్టేనా?

ఈరోజు ప్రశ్న ఒక చెల్లి పంపింది. వాళ్ల నాన్నగారు పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ అది. తెల్లవారుజామున అందరితో పాటు సమాధుల తోటకి వెళ్లింది, కొవ్వొత్తి వెలిగించింది, పాటలూ పాడింది. కానీ లోపల మాత్రం ‘ఇదంతా నిజంగా జరిగిందా?’ అని ఒకటే ఆలోచన. ఇంట్లో అంటే తిడతారని భయం. ‘అన్నా, నేనింక విశ్వాసిని కానట్టేనా?’ అని అడిగింది.

సందేహం అనగానే మనకి తోమానే గుర్తొస్తాడు. పాపం, ఆయనకి అనుమానం అనేది ఇంటిపేరైపోయింది. సరే, ముందు లూకా 24వ అధ్యాయం తీయండి. సమాధి ఖాళీగా ఉందని వచ్చి చెప్పింది స్త్రీలు. మగ్దలేనే మరియ, యోహన్న, యాకోబు తల్లి మరియ, ఇంకొందరు. అపొస్తలులు ఏం చేశారు? పిచ్చిమాటలని కొట్టిపారేశారు. అంటే ఆ ఆదివారం నమ్మనిది తోమా ఒక్కడే కాదు. మత్తయి చివరి అధ్యాయంలో అయితే, గలిలయలో కొండ మీద యేసు ఎదురుగా నిలబడి ఉన్నా కొందరికి సందేహం వచ్చిందని రాసి ఉంది. ఈ మాట మీద ప్రసంగాలు మాత్రం నేను పెద్దగా వినలేదు!

ఇప్పుడు తోమా దగ్గరికి వద్దాం. యోహాను 11లో, యేసు యూదయకి తిరిగి వెళ్తానన్నప్పుడు అక్కడ రాళ్లతో కొడతారని శిష్యులందరికీ భయమే. అప్పుడు ‘మనమూ వెళ్దాం, ఆయనతోనే చద్దాం’ అన్న మనిషి తోమా. పిరికివాడు కాదు. 20వ అధ్యాయంలో ఆయన అడిగింది కూడా వింతేం కాదు. మిగతావాళ్లకి యేసు చేతులూ, పక్కా అప్పటికే చూపించాడు. వాళ్లు చూసిందే తనకీ కావాలన్నాడు, ముట్టుకుని చూస్తానని ఇంకాస్త ముందుకెళ్లాడు, అంతే.

నన్ను ఆపేసే విషయం ఇంకోటుంది. ఎనిమిది రోజుల తర్వాత కూడా తోమా అదే గదిలో, వాళ్లతోనే ఉన్నాడు. నమ్మనన్నాడని వాళ్లు వెళ్లగొట్టలేదు, ఆయనా వదిలి పోలేదు. మన సంఘాల్లో అలాంటి కుర్రాడికి ఎనిమిది రోజులు చోటిస్తామా?

ఇంకో సంగతి, తోమా నిజంగా గాయంలో వేలు పెట్టాడని యోహాను రాయలేదు. అది కారవాజియో లాంటి చిత్రకారుల బొమ్మల వల్ల మన బుర్రల్లో ఉండిపోయింది. ఆ తోమాయే మన దేశానికి వచ్చి, చెన్నై దగ్గర హతసాక్షి అయ్యాడని సంప్రదాయం చెప్తుంది. సెయింట్ థామస్ మౌంట్ పేరు అలా వచ్చిందే.

మరి జరిగిందా లేదా? పౌలు కొరింథు సంఘానికి సుమారు క్రీ.శ. 55లో రాశాడు, అంటే సిలువ తర్వాత పాతికేళ్లకి. అక్కడ చనిపోయినవాళ్లు లేవరని సంఘంలోనే కొందరు అంటున్నారు. పౌలు వాళ్ల నోరు మూయించలేదు, వాదించాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన అంతా వట్టిదే అని తానే ఒప్పుకున్నాడు. చూసినవాళ్ల లిస్టు ఇచ్చాడు: కేఫా, పన్నెండుమంది, ఐదువందలకి పైగా సోదరులు, యాకోబు, చివరికి తను. ఆ ఐదువందల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారన్నాడు.

పిలాతు కాలంలో యేసు సిలువ మీద చనిపోయాడని, కొద్దికాలానికే శిష్యులు ఆయన్ని చూశామని నమ్మారని నాస్తిక చరిత్రకారులు కూడా చాలామంది ఒప్పుకుంటారు. అది దుఃఖంలో వచ్చిన దర్శనం అని కొందరంటారు. అలాగైతే సంఘాన్ని హింసించిన పౌలుకి దుఃఖమెక్కడిది అని విశ్వాసులు అడుగుతారు. నాకు ఈ జవాబు బలంగానే అనిపిస్తుంది, కానీ లెక్క తేలినట్టు ఇది తేలదు. నాలుగు సువార్తల్లో వివరాలు కూడా ఒకేలా లేవు, అది దాచాల్సిన పని లేదు.

అన్నట్టు, నాలుగో శతాబ్దపు సీనాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో మార్కు సువార్త 16:8 దగ్గరే ఆగిపోతుంది. స్త్రీలు భయపడి పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, అక్కడితో సరి. అలా ఎందుకు ఆగిందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోగా ఆ ఎనిమిది వచనాలూ ఒకసారి చదివి రండి.