గొంతు మిషన్‌ది... పాట మనది!

పొద్దు వాలుతోంది. సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీదికి తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. ఆడవాళ్లంతా వలయం కట్టారు. ఇక మిగిలింది ఒక్కటే... పాట!

'నువ్వెత్తుకో వదినే' అంటుంది ఒకామె. 'నాకెక్కడొస్తది, చిన్నమ్మను అననీ' అంటుంది ఇంకొకామె. చిన్నమ్మకేమో గొంతు పట్టేసింది. ఈలోగా ఓ కుర్రాడు ఫోన్ తీసి స్పీకర్‌కు కలిపేస్తాడు. పాట మోగిపోతుంది. చప్పట్లు పడతాయి, అడుగులు కదులుతాయి. కదలనివల్లా పెదవులే!

బతుకమ్మ ఆడే ఊళ్లన్నిటికీ తెలిసిన ముచ్చటే ఇది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులకు సద్దులతో ముగిసే ఈ పండుగను 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. చెరువు కట్టలు వెడల్పయ్యాయి, లైట్లు పెరిగాయి. జనం కూడా పెరిగారు. వలయం మధ్యలో నిలబడి పాట ఎత్తుకునే ఆడమనిషి మాత్రం కరవవుతోంది.

అలాగని తప్పంతా మిషన్‌దేనని తీర్పు చెప్పేయడానికి లేదు. ఎందుకంటే, అచ్చంగా మిషనే పాడిన పాటల్ని పదిమందీ కలిసి గొంతెత్తి పాడుకుంటున్న దేశం ఒకటుంది.

ఆ పాప వయసెప్పుడూ పదహారే!

పేరు హత్సునే మికు. నీలిరంగు జడలు రెండు నేలను తాకుతుంటాయి. వేదికెక్కితే వేలమంది ఊగిపోతారు. కానీ ఆమె మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేర్. జపాన్‌లోని సప్పొరోకు చెందిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా 2007 ఆగస్టు 31న దీన్ని అమ్మకానికి పెట్టింది. సకి ఫుజిత అనే నటి గొంతును ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, యమహా వారి 'వొకలాయిడ్' పరిజ్ఞానంలో అమర్చారు. కొనుక్కున్నవాళ్లు మాటలు, స్వరాలు కంప్యూటర్‌కు ఇస్తే చాలు, మికు పాడేస్తుంది. గాయని దొరకని కుర్ర సంగీత దర్శకులకు అంతకన్నా ఏం కావాలి? ఇంట్లో కూర్చుని పాటలు కట్టి ఇంటర్నెట్‌లో పెట్టేశారు.

విన్నవాళ్లు ఊరుకోలేదు. అవే పాటల్ని తమ గొంతుతో పాడి మళ్లీ పెట్టారు. మిషన్ పాట మనుషులకు ఎత్తుగడ అయింది. ముందు ఆమె పాడుతుంది, వెనక జనం అందుకుంటారు. బతుకమ్మ వలయంలో జరిగేదీ అదే కదా!

ఏవి పాడుకోవచ్చు?

మన పిల్లల ఫోన్లలోకీ ఈ పాటలు వచ్చేశాయి కాబట్టి, బృందంగా పాడాలంటే ఏవి ఎంచుకోవాలో చూద్దాం. మొట్టమొదట 'ఈవన్ పోల్కా'. మికు చేతికి ఉల్లికాడ ఇచ్చి 2007లో ఎవరో సరదాకు పాడించిన పాట. నిజానికి ఇది ఫిన్లాండ్ జానపదుల బాణీ. దానికి 1928లో ఈనో కెట్టునెన్ మాటలు రాశారు. 1995లో లోయ్‌తుమా అనే నలుగురి బృందం వాయిద్యాల్లేకుండా పాడి రికార్డు చేసింది. అర్థం లేని అక్షరాలు గబగబా దొర్లే చోట పిల్లలకు పండగే. చప్పట్లతో ఆడుకోవచ్చు. భాష రాకపోయినా ఫర్వాలేదు. నేర్చుకునేవాళ్లు ఇక్కడ మొదలుపెడితే సిగ్గు పోతుంది.

రెండోది 'సకురా నో అమె', అంటే సకురా పూల వాన. హల్యోసి అనే సంగీతకారుడు 2008లో మికు కోసం కట్టిన పాట. బడి వదిలి వెళ్లే రోజు బాధ ఇందులో ఉంది. బృందగానంగా స్వరలిపి వచ్చాక జపాన్ బడుల్లో వీడ్కోలు సభలనాడు విద్యార్థులు నిలబడి పాడటం మొదలుపెట్టారు. వేగం తక్కువ, ఒకరి వరుస మీద ఇంకొకరి వరుస చక్కగా కూర్చుంటుంది. కంప్యూటర్‌లో పుట్టిన పాటకు కళ్లు తుడుచుకున్నారంటే, పాడింది మనుషులు కనుకే!

కాస్త ఊపు కావాలంటే 2011లో వచ్చిన 'సెన్‌బొన్‌జకురా' ఉంది. చరణాలు కష్టమే. ఇద్దరు బాగా పాడేవాళ్లకు అవి అప్పగించి, పల్లవి మిగతావాళ్లు అందుకుంటే సరిపోతుంది. కుర్రకారు పాటని కొట్టిపారేయకండి. 2015 చివరిరోజున జపాన్ ప్రజా ప్రసార టీవీలో ఏటా వచ్చే పాటల పోటీలో దీన్ని పాడింది 62 ఏళ్ల సచికో కొబయాషి!

ఇక జోలికి పోకూడనిది ఒకటుంది. 'హత్సునే మికు నో షోషిత్సు'. నిమిషానికి 240 తాళం దెబ్బలు! మిషన్‌కు ఊపిరి అక్కర్లేదు, మనకు కావాలి. మికు సులువుగా పాడే స్థాయి కూడా దాదాపు ఒకటిన్నర స్థాయిల పొడవు. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు కలిసి పాడాలంటే అంత పైకి పోనివ్వకుండా ముందే శ్రుతి తగ్గించుకోవాలి.

బతుకమ్మ పాట కట్టిన తల్లులకు ఈ లెక్కలన్నీ తెలుసు. ఒకామె అరపాదం పాడి 'ఉయ్యాలో' అంటుంది. మిగతావాళ్లు అదే తిరిగి అంటారు. వాళ్లు అంటున్నంతసేపూ ఆమెకు ఊపిరి తీసుకునే వీలు, తర్వాతి మాట గుర్తుచేసుకునే వీలు. పాట రానివాళ్లు కూడా రెండో వరసలో తప్పిపోకుండా పాడేస్తారు. స్వరాలు నాలుగైదు మించవు. ఒంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ పాడాలి కాబట్టి వేగం కాళ్లే నిర్ణయిస్తాయి. ముసలమ్మ అలసిపోతే పాట కూడా నెమ్మదిస్తుంది. ఊళ్లో జరిగిన సంగతి అప్పటికప్పుడు ఒక చరణం అవుతుంది. స్పీకర్ ఇవేవీ చేయదు. ఎవరికోసమూ ఆగదు.

2021లో ఏఆర్ రెహమాన్ సంగీతంతో 'అల్లిపూల వెన్నెల' అనే బతుకమ్మ పాట వచ్చింది. వినడానికి హాయిగా ఉంటుంది. కట్ట మీద వందమంది తిరుగుతూ పాడటానికి మాత్రం చిన్నమ్మ పాటకే ఓటు!

కలిసి పాడటం ఈ జిల్లాకు కొత్త కాదు. 'జయ జయహే తెలంగాణ' రాసిన అందెశ్రీ పుట్టిన రేబర్తి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనే ఉంది. బడి మొహం చూడని మనిషి, పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఉద్యమంలో వేల గొంతులు పాడుకున్న ఆ పాట 2024 జూన్ 2న రాష్ట్ర గీతమైంది. కీరవాణి స్వరపరచిన పూర్తి పాట పదమూడున్నర నిమిషాలు ఉంటుంది. అందరూ నిలబడి పాడేందుకు రెండున్నర నిమిషాల రూపమూ చేశారు. 2025 నవంబరులో అందెశ్రీ కన్నుమూశారు.

మరి ఫోన్‌ను ఏం చేద్దాం?

వాడుకోవచ్చు, పండుగకు వారం ముందు. ఇంట్లో వంట చేస్తూ పాట పెట్టుకుని వెంట పాడాలి. నాలుగు రోజులయ్యాక శబ్దం తగ్గించాలి. ఎక్కడ మాట తడబడుతోందో అప్పుడు తెలుస్తుంది. కట్ట మీదికి వెళ్లేసరికి స్పీకర్ సంచిలోనే ఉండాలి. ఇద్దరు పాట ఎత్తుకునేవాళ్లుంటే మంచిది, ఒకరి గొంతు పోతే రెండోవారు అందుకుంటారు.

ఇంకో పని కూడా ఉంది. యమహా వొకలాయిడ్‌లో జపనీస్, ఇంగ్లిష్, కొరియన్, స్పానిష్, చైనీస్ గొంతులు వచ్చాయి కానీ తెలుగు రాలేదు. వచ్చినా చిన్నమ్మ పాట దానికి ఎవరు చెప్పాలి? ఆమె పాడుతుండగా ఫోన్‌లో రికార్డు చేయాలి. ముందు ఆమెను అడిగి! గొంతు ఎవరిదో వాళ్ల సొత్తే. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో కృత్రిమ మేధతో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు వాడారని ఆయన కుమారుడు చరణ్ లాయరు నోటీసు పంపారు. 'లాల్ సలామ్'లో ఇద్దరు దివంగత గాయకుల గొంతును తెచ్చేముందు రెహమాన్ వారి కుటుంబాల అనుమతి తీసుకున్నారు.

చిన్నమ్మ ఎలాగూ కాదనదు. కాకపోతే ఒక్కతే ఫోన్ ముందు కూర్చుని పాడమంటే ఆమెకు సగం మాటలు గుర్తురావు. నలుగురు చుట్టూ చేరి 'ఉయ్యాలో' అంటుంటే మిగతా సగం వాటంతటవే వస్తాయి.