పిల్లికి సుత నెత్తురు తక్కువైతది

ఇంట్ల వడ్ల బస్తాలు ఎలుకల పాలు గాకుండ కావలి కాసేది పిల్లి. బర్రెకు జెరమొస్తే డాక్టర్ కాడికి ఉరుకుతం గని, పిల్లి డీలా పడితే "పిల్లే గదా, అదే సర్దుకుంటది" అంటం. తమ్ముల్లారా, చెల్లెల్లారా, గీ ముచ్చట జర సదువుర్రి.

నెత్తురుల ఎర్రకణాలు ఆక్సిజన్‌ను ఒళ్లంత మోస్తయి. మనిషి ఎర్రకణం దగ్గరదగ్గర 120 రోజులు బతుకుతది, పిల్లిది 70–80 రోజులే. పాతయి పోతుంటె కొత్తయి పుడుతుండాలె. లెక్క తప్పితే రక్తహీనత. అది ఒక రోగం గాదు, లోపల ఇంకేదో రోగమున్నదని చెప్పే గుర్తు.

ఎట్ల ఎరుకైతది? పెదవి లేపి చూడుర్రి. చిగుర్లు గులాబి రంగుల ఉండాలె. తెల్లగ పాలిపోతే నెత్తురు తక్కువున్నట్టు. పచ్చగైతే ఎర్రకణాలు పలుగుతున్నయో, కార్జం ఖరాబైందో చూపియ్యాలె. తిండి మానుడు, మూలకు పండుడు, ఎగపోసుడు, మన్ను నాకుడు సుత గుర్తులే.

కారణాలు మూడు తీర్లు. ఒకటి, నెత్తురు పోవుడు: దెబ్బ తగిలినా, కడుపుల కొంకి పురుగులున్నా, ఎంటికల నడుమ దుంకే సన్న పురుగులు పీల్చినా పోతది. చిన్న పిల్లలైతే ఆ పురుగులకే సస్తయి. రెండు, కణాలు పలుగుడు: మైకోప్లాస్మా అనే సూక్ష్మక్రిమి కణాలకు అంటుకొని ఖరాబు చేస్తది. మూడు, కొత్తయి పుట్టకపోవుడు: ముసలి పిల్లులకు కిడ్నీలు చెడితే గిదే అయితది.

ఇగ మన చేతులతోని చేసే తప్పులు. జెరమొచ్చిందని పారాసిటమాల్ ఏస్తరు. ఆ మందును ఇరగ్గొట్టే శక్తి పిల్లి కార్జానికి లేదు, ఒక్క గోలీతోనే పానం పోవచ్చు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏసిన కూర సుత ఎర్రకణాలను పలగ్గొడతది. కుక్కలకు, పశువులకు పూసే గోమార్ల మందు పిల్లికి పూయొద్దు, అది ఇషమే.

చిగుర్లు తెల్లబడితే ఐరన్ టానిక్ తాపి ఊకోవద్దు. కారణం దొరకకుండ మందు పనిచెయ్యది. పశువుల దవాఖానకు తీస్కపోయి రక్త పరీక్ష అడుగుర్రి. "పిల్లిని చూడం" అంటె, ఎందుకు చూడరని గట్టిగ నిలదీయుర్రి. ఆ దవాఖాన మన పన్నుల పైసలతోని నడిచేదే. నోరులేని జీవం అడగలేదు, నోరున్న మనం అడగాలె.