పాలంపేట ఏ జిల్లాలో ఉంది?

2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగినప్పుడు పాత వరంగల్ జిల్లా చీలి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. రామప్ప గుడి వెలసిన పాలంపేట అలా భూపాలపల్లి జిల్లాకు చేరి, 2019 ఫిబ్రవరి 17న ములుగు విడివడటంతో మళ్లీ జిల్లా మారింది. పాత పుస్తకంలో ‘వరంగల్ జిల్లా’ అని కనిపిస్తే పాఠకుడు సర్దుకుంటాడు గాని, కంప్యూటరుకు ఆ వెసులుబాటు లేదు.

రాతకు గుర్తులు తగిలించి, ఏ భాగం శీర్షికో ఏది పేరాయో యంత్రానికి తెలియజేసేది మార్కప్ భాష. 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ రూపొందించిన జీఎంఎల్ నుంచి 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌జీఎంఎల్, దాని నుంచి టిమ్ బెర్నర్స్-లీ చేతిలో హెచ్‌టీఎంఎల్ పుట్టాయి. హెచ్‌టీఎంఎల్ పేజీ కూర్పును చెబుతుందే తప్ప పాలంపేట ఒక ఊరని చెప్పదు. 1998 నాటి ఎక్స్‌ఎంఎల్‌లో ఎవరి గుర్తులు వారు కల్పించుకోవచ్చు. అయితే ఒకరి గుర్తు మరొకరి యంత్రానికి అర్థం కాదు.

ఈ చిక్కు తీర్చడానికి వచ్చిన ఆర్‌డీఎఫ్ 1999లో ప్రమాణమైంది. ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహ దాని రూపకర్తల్లో ముఖ్యుడు. ఇందులో ప్రతి సమాచారమూ మూడు ముక్కల వాక్యమే: పాలంపేట, ఉన్న జిల్లా, ములుగు. ఊరికీ, సంబంధానికీ, జిల్లాకూ వెబ్ చిరునామా వంటి శాశ్వత గుర్తింపు ఉంటుంది కనుక పేరు ఏ లిపిలో రాసినా వస్తువు మారదు. ఊరు మండలంలో, మండలం జిల్లాలో ఉంటే ఊరూ ఆ జిల్లాలోనే ఉన్నట్టని యంత్రం తేల్చుకునేందుకు వీలైన నియమాలను 2004లో ఓడబ్ల్యూఎల్ అందించింది.

2001 మేలో బెర్నర్స్-లీ, హెండ్లర్, లస్సిలా ‘సైంటిఫిక్ అమెరికన్’లో ఊహించిన సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు, అంటే ఇలాంటి వాక్యాలు చదివి యజమాని తరఫున వైద్యుడి అపాయింట్‌మెంట్లు సైతం కుదిర్చే ప్రోగ్రాములు, ఆ రూపంలో రాలేదు. గుర్తులు తగిలించే శ్రమ ఒకరిది, ఫలితం మరొకరిది కావడం అందుకు పెద్ద కారణం.

మిగిలింది ఆ మూడు ముక్కల వాక్యమే, అదే గట్టిది. 2012 అక్టోబరులో మొదలైన వికీడేటా అనే సమాచార భాండాగారంలో ప్రతి వాక్యానికీ ‘ఎప్పటి నుంచి’, ‘ఎప్పటి వరకు’ అనే తేదీలు జోడించవచ్చు. పాలంపేటకు వరంగల్, భూపాలపల్లి, ములుగు అనే మూడు వాక్యాలనూ తేదీలతో నమోదు చేస్తే, 2014 నాటి జిల్లా అడిగిన ప్రోగ్రాముకు వరంగల్ అనీ, 2017 నాటిది అడిగితే భూపాలపల్లి అనీ జవాబు వస్తుంది, పాతదాన్ని చెరపనక్కరలేదు. వికీడేటాను ఎవరైనా సరిదిద్దవచ్చు కనుక ఈ మూడు జిల్లాల పాఠకులు తమ ఊరి వాక్యాలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోవాలి.