బూట్ ఇమేజి మార్చడం ఎట్లా?

ఉరవకొండ చుట్టుపక్కల వానను నమ్మి వేరుశనగ వేసే ఇళ్ల నుంచి, మగ్గం నేసే ఇళ్ల నుంచి కాలేజీకి వచ్చే మాబోటి విద్యార్థులకు ఫోను ఏటా మార్చే వస్తువు కాదు. అన్న వాడినది తమ్ముడికొస్తుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసినా దాన్నే నడుపుకోవాలి. అట్టి ఫోనుకు కొంత ఆయుష్షు పోసే మార్గాల్లో ఒకటి వేరే బూట్ ఇమేజి ఎక్కించడం. మిత్రులు పదే పదే అడుగుతున్నారు గనుక విడమరచి చెబుతాను.

అసలు బూట్ ఇమేజి అంటే ఏమిటి? ఫోను ఆన్ చేయగానే మొదట లేచేది బూట్‌లోడర్. అది బూట్ అనే విభాగాన్ని చదువుతుంది. అందులో ముఖ్యంగా రెండుంటాయి: ఒకటి కెర్నెల్, రెండవది ర్యామ్‌డిస్క్, అనగా కెర్నెల్ లేవగానే కావలసిన మొదటి ఫైళ్ల మూట. కెర్నెల్ లినక్స్‌ది. దాన్ని 1991లో మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పుడు హెల్సింకీలో మనలాగే విద్యార్థి. జీపీఎల్ లైసెన్సు ప్రకారం కంపెనీలు కెర్నెల్ సోర్సు కోడు ఇవ్వాలి. అందువల్లనే బయటివారు దాన్ని మార్చి, బ్యాటరీ పొదుపుకో వేగానికో కొత్తది తయారుచేయగలుగుతున్నారు.

ఇక్కడొక కిటుకుంది. 2016లో వచ్చిన మాజిస్క్ వంటి సాధనంతో రూట్ చేస్తే, ఆ రూట్ ర్యామ్‌డిస్క్‌లోనే కూర్చుంటుంది. కనుక ఆ బూట్ ఇమేజి తీసి కొత్తది వేస్తే రూట్ కూడా పోతుంది! కొత్త ఇమేజిని ముందే మాజిస్క్‌తో ప్యాచ్ చేసి ఎక్కించాలి. ఆండ్రాయిడ్ 13తోనే విడుదలైన ఫోన్లలో సాధారణంగా ర్యామ్‌డిస్క్ ఇనిట్‌బూట్ అనే వేరే విభాగంలో ఉంటుంది. అక్కడ ప్యాచ్ చేయవలసింది దాన్నే.

ఇక పని క్రమం. మొదట ఫోటోలు, నోట్సు వేరే చోట దాచుకోండి. బూట్‌లోడర్ తాళం తీయకపోయి ఉంటే, తీసేటప్పుడు ఫోనులోని సమస్తం చెరిగిపోతుంది. తర్వాత మోడలు, బిల్డు నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకోండి. మన ఫోనులోని పాత బూట్ ఇమేజిని కంప్యూటరులో భద్రపరచండి. అదే మన ప్రాణరక్ష. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి బ్యాటరీ నిండిన ల్యాప్‌టాపే మేలు. ఫోనును ఫాస్ట్‌బూట్ స్థితిలో పెట్టి, 'ఫాస్ట్‌బూట్ బూట్' ఆదేశంతో కొత్త ఇమేజిని ఒకసారి నడిపి చూడండి. ఇది ఏమీ రాయదు, రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. కొన్ని ఫోన్లు దీన్ని ఒప్పుకోవు. వైఫై, కెమెరా, మాట అన్నీ పనిచేస్తేనే 'ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్' ఇవ్వండి.

ఫోను లోగో దగ్గరే తిరుగుతూ ఉంటే కంగారు వద్దు. ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లి పాత ఇమేజిని తిరిగి ఎక్కిస్తే చాలాసార్లు లేస్తుంది. మార్చిన ఇమేజి ఉండగా మాత్రం బూట్‌లోడర్‌కు మళ్లీ తాళం వేయకండి, ఫోను అసలే లేవకపోవచ్చు.

చివరిగా ఒక్క మాట. తాళం తీసిన ఫోనులో బ్యాంకు యాప్‌లు, డబ్బు పంపే యాప్‌లు మొరాయించవచ్చు. కంపెనీ పెట్టిన రక్షణా తగ్గుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోనై, నాన్నగారి బ్యాంకు లెక్కలు అందులోనే ఉంటే, దాని జోలికి పోవద్దు. మూలన పడిన పాత ఫోను మీద నేర్చుకోండి. విద్య వస్తుంది, ఇల్లూ ఇబ్బంది పడదు.