కాలువ మీద గంజాయి పడవ: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబర్‌లో నేరుగా విమానం మొదలైంది. అమ్మానాన్నలకు యూరప్ చూపించాలనుకునే ఉద్యోగస్తులు, అక్కడి యూనివర్సిటీల్లో చదువుతున్న మన పిల్లలు, షెంగెన్ వీసా మీద నాలుగు దేశాలు చుట్టొచ్చే కొత్త జంటలు, అందరి జాబితాలోనూ ఆ ఊరి కాలువల మీద పడవ షికారు ఉంటుంది. ఉండాల్సిందే కూడా. 1613లో తవ్వడం మొదలుపెట్టిన హెరెన్‌గ్రాహ్ట్, కైజర్స్‌గ్రాహ్ట్, ప్రిన్సెన్‌గ్రాహ్ట్ కాలువలు నగరం నడిబొడ్డు చుట్టూ అర్ధచంద్రాకారంలో తిరుగుతాయి. 2010లో యునెస్కో ఈ కాలువల వలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గట్టు పొడవునా సన్నగా, ఎత్తుగా నిలబడ్డ పాత వర్తకుల ఇళ్లు, చాలా ఇళ్ల నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన దూలం, దానికో కొక్కెం కనిపిస్తాయి. లోపలి మెట్లు మరీ ఇరుకు కాబట్టి సరుకునూ సామాన్లనూ తాడు కట్టి ఆ కొక్కెం మీదుగా పైకి లాగేవారు. ఇవన్నీ తీరిగ్గా చూడాలంటే పడవ ఎక్కడమే మేలు.

ఆ పడవల్లో ఇప్పుడు ఒక ప్రత్యేక రకం ప్రచారంలో ఉంది. ప్రయాణికులు గంజాయి తాగినా అభ్యంతరం చెప్పని షికారు పడవలవి. వీటి గురించి మన కుర్రాళ్లు రీల్స్‌లో చూసి, స్నేహితుల దగ్గర విని నమ్ముతున్న వాటిలో సగానికి పైగా తప్పు. కొన్ని తప్పులకు డబ్బు పోతుంది. కొన్నిటికి వీసా పోతుంది. ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. అందుకే ఈ విషయాన్ని గుసగుసల్లో వదిలేయకుండా బాహాటంగా మాట్లాడుకోవడం మంచిదని నా నమ్మకం.

అపోహ: నెదర్లాండ్స్‌లో గంజాయి చట్టబద్ధం.

కాదు. అక్కడి ఓపియం చట్టం ప్రకారం గంజాయి ఇప్పటికీ నిషిద్ధ పదార్థమే. 1976లో ఆ చట్టాన్ని సవరించి మత్తుపదార్థాలను రెండు జాబితాలుగా విడగొట్టారు. హెరాయిన్, కొకైన్ లాంటివి మొదటి దాంట్లోకి, గంజాయి, హషీష్ రెండో దాంట్లోకి వెళ్లాయి. రెండో జాబితాలోని సరుకు కొద్దిపాటిగా దగ్గర ఉంటే కేసు పెట్టకుండా చూసీచూడనట్టు వదిలేయడం ప్రభుత్వ విధానం. ఆ ‘కొద్దిపాటి’కి హద్దు 5 గ్రాములు. 1996కు ముందు ఇది 30 గ్రాములుండేది. 5 గ్రాముల లోపు ఉన్నా పోలీసులు సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఈ మినహాయింపేదీ లేదు.

అమ్మకమూ ఇంతే. కాఫీషాప్ అని బోర్డు పెట్టుకున్న దుకాణాలకే ఈ ఉదారత. (అక్కడ మామూలు కాఫీ కావాలంటే కేఫ్‌కు వెళ్లాలి. ఫిల్టర్ కాఫీ మీద ఆశతో ఇంటిల్లిపాదీ కాఫీషాపులోకి నడవకండి.) ఒక మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి అమ్మకూడదు. దుకాణంలో నిల్వ 500 గ్రాములు దాటకూడదు. మద్యం అమ్మకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు, మైనర్లను లోపలికి రానివ్వకూడదు.

ఈ విధానంలో ఒక విచిత్రం ఉంది. దుకాణం ముందు తలుపు నుంచి అమ్మితే ఊరుకుంటారు. వెనక తలుపు నుంచి దుకాణానికి సరుకు చేరడం మాత్రం నేరం. అంటే పర్యాటకుడు కొనే ఆ చిన్న పొట్లం, అమ్మకానికి ముందు దశలన్నిటిలోనూ దొంగచాటుగా పండి, దొంగచాటుగా చేతులు మారి వచ్చిందే. ఈ చిక్కు విప్పడానికి పది పురపాలికల్లో, అనుమతి పొందిన సాగుదారుల నుంచే కాఫీషాపులు కొనే ప్రయోగం జరుగుతోంది. 2023 డిసెంబర్‌లో బ్రెడా, టిల్‌బర్గ్ ఊళ్లలో మొదలై 2025 ఏప్రిల్‌లో పూర్తి స్థాయికి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ ఆ పదింటిలో లేదు. పాడేరు, అరకు కొండల్లో ఈ పంటను ఎవరు పండిస్తున్నారో, లాభం ఎవరికి పోతోందో, జైలుకెవరు పోతున్నారో తెలిసిన మనకు ఆ వెనక తలుపు సంగతి కొత్తగా అనిపించదు.

మాస్ట్రిక్ట్ లాంటి ఊళ్లలో ఆ దేశంలో నివాసం ఉన్నవారికే కాఫీషాపులోకి ప్రవేశం. ఆమ్‌స్టర్‌డామ్ ఆ నిబంధనను అమలు చేయడం లేదు కాబట్టే పర్యాటకులంతా అక్కడికి చేరుతున్నారు.

అపోహ: పడవ ప్రైవేటుది, నీళ్ల మీద పోలీసులుండరు, అక్కడేం చేసినా మన ఇష్టం.

కాలువ కూడా నగర పాలనలో ఉన్న దారే. దానికి వేగ పరిమితి ఉంది, గస్తీ ఉంది, జరిమానాలున్నాయి. ప్రయాణికులను ఎక్కించుకుని డబ్బు తీసుకునే పడవకు నగరపాలిక అనుమతి కావాలి. గట్టు మీద వర్తించే 5 గ్రాముల హద్దు పడవలోనూ వర్తిస్తుంది. ‘గంజాయికి అనుకూలం’ అని ఒక సంస్థ చెప్పుకుంటే దానికి ఒక్కటే అర్థం: ఆ పడవ యజమాని అభ్యంతరం చెప్పడు. ప్రభుత్వం ఆ పడవకు ప్రత్యేకమైన అనుమతి ఏదీ ఇవ్వలేదు.

దిగాక ఇంకో సంగతి. పాత నగరంలోని రెడ్‌లైట్ ప్రాంతమైన డె వాలెన్‌లో, దాని చుట్టుపక్కల వీధుల్లో 2023 మే 25 నుంచి గంజాయి తాగడం నిషేధం. జరిమానా 100 యూరోలు. ఆ ఇరుకు సందుల్లో కాపురాలుంటున్నవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక వచ్చిన నియమం అది. నగరమంతా పర్యాటకుల వినోదశాల అనుకునే మనకు అక్కడ స్కూలుకెళ్లే పిల్లలు, నిద్రపట్టని ముసలివాళ్లు ఉన్నారన్న ఎరుక కావాలి.

అపోహ: టికెట్ కొంటే గంజాయి పడవవాళ్లే ఇస్తారు.

ఇవ్వరు. ఇవ్వకూడదు. చూసీచూడనట్టు వదిలేసే అమ్మకం కాఫీషాపుకే పరిమితం. పడవలో తినుబండారాలు, పానీయాలు, పాటలు, మంచి కిటికీ సీటు దొరకొచ్చు. సరుకు మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాల్సిందే. ఎవరైనా పడవలో అమ్మజూపినా, రేవు దగ్గర అపరిచితుడు చెవిలో చెప్పినా దూరంగా జరగండి. 2014 చివర్లో ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో కొకైన్ అని చెప్పి అమ్మిన తెల్ల హెరాయిన్ పీల్చి ముగ్గురు బ్రిటిష్ యువకులు చనిపోయారు. నగరమంతా హెచ్చరిక బోర్డులు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: పొగ పడని వాళ్లకు కేక్ మేలు, అది తేలిక.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. సిగరెట్ ముట్టని, మందు వాసన పడని మన పిల్లలు ‘ఒక్కసారి చూద్దాం’ అనుకున్నప్పుడు చెయ్యి పోయేది కేక్ మీదికే. చూడ్డానికి బేకరీ సరుకులా ఉంటుంది, దగ్గు రాదు, నోరు వాసన రాదు.

పొగ పీల్చితే మత్తు నిమిషాల్లో తెలుస్తుంది. ఎక్కువైతే ఆపేయొచ్చు. తిన్నది కడుపులో అరిగి, కాలేయం గుండా పోయి, ఇంకా గట్టి రూపంలో మెదడుకు చేరడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ప్రభావం ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇప్పుడు పడవ లెక్క చూడండి. షికారు గంటో, గంటన్నరో. ఎక్కేటప్పుడు కేక్ తిన్నవాడికి పడవలో ఏమీ కాదు. ‘ఇందులో ఏం లేదురా’ అని ఇంకో ముక్క తింటాడు. అసలు మత్తు రేవులో దిగాక, ట్రాములూ సైకిళ్లూ దూసుకుపోయే వీధిలో, కంచె లేని కాలువ గట్టు మీద పట్టుకుంటుంది.

2014 మార్చిలో అమెరికాలోని డెన్వర్‌లో సరిగ్గా ఇలాగే జరిగింది. పంతొమ్మిదేళ్ల విద్యార్థి ఒకడు గంజాయి కుకీలో ఒక ముక్క తిన్నాడు. అరగంట, గంట గడిచినా ఏమీ అనిపించక మిగతాదంతా తినేశాడు. ఆ కుకీలో మత్తు కలిగించే టీహెచ్‌సీ 65 మిల్లీగ్రాములు. ఒకసారికి తీసుకోవాల్సింది అందులో ఆరో వంతే. కొద్ది గంటలకు మతి చెదిరి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. ఆ దేశ ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ మరణాన్ని మరుసటి ఏడాది నివేదికగా ప్రచురించింది. అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలకు ఈ ఒక్క సంగతైనా తల్లిదండ్రులు సిగ్గుపడకుండా చెప్పాలి.

పైగా బీరు కలిస్తే? రెండూ కలిస్తే తల తిరగడం, వాంతులు పెరుగుతాయి, అడుగు తడబడుతుంది. కింద ఊగే పడవ, పక్కన నీళ్లు. కాఫీషాపులో మద్యం అమ్మనివ్వకపోవడానికి కారణం ఉంది. పడవలో రెండూ ఒకేచోట దొరుకుతున్నాయంటే జాగ్రత్త మనదే.

అపోహ: చిన్న ఎలక్ట్రిక్ బోటు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవచ్చు, దానికి లైసెన్సే అక్కర్లేదు కదా.

లైసెన్సు అక్కర్లేదన్నది నిజం. పొడవు 15 మీటర్ల లోపు, వేగం గంటకు 20 కిలోమీటర్ల లోపు ఉన్న పడవలకు అవసరం లేదు. కానీ చుక్కాని పట్టుకున్న మనిషికి మద్యం పరిమితి కారు నడిపేవాడికి ఉన్నంతే, రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు. గంజాయి మత్తులో పడవ నడపడమూ నేరమే. వంతెనల కింద ఎదురుగా వచ్చే పెద్ద షికారు పడవ చప్పున ఆగలేదు, పక్కకు తప్పుకునే చోటూ ఉండదు.

అపోహ: పక్కవాడు తాగినా మన రక్తపరీక్షలో దొరికిపోతాం.

కిటికీలన్నీ మూసిన గదిలో గంటసేపు దట్టమైన పొగలో కూర్చోబెట్టి చేసిన ప్రయోగాల్లో కొందరికి కాసేపు పాజిటివ్ వచ్చింది. గాలి ఆడే తెరిచిన పడవలో ఆ భయం అక్కర్లేదు. అయినా పసిపిల్లలను, గర్భిణులను, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను ఆ పొగలో కూర్చోబెట్టడం తగదు. పొగ తాగనివ్వని షికారు పడవలు అక్కడ బోలెడు. బుక్ చేసే ముందు ఒక్క మాట అడిగితే చాలు.

అపోహ: గంజాయి ఆకు అలమే, ప్రమాదం లేదు.

ఇప్పటి సరుకు మన తాతలనాటి సాధువుల చిలుములోది కాదు. దీపాల కింద పెంచి, బలం కోసమే ఎంపిక చేసిన మొక్కలివి. రోజూ గట్టి రకం గంజాయి వాడేవారికి మతిభ్రమణం వచ్చే అవకాశం, ఎన్నడూ వాడనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లని 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన బహుళ దేశాల అధ్యయనం తేల్చింది. ఆ గట్టి రకం దొరక్కుండా చేస్తే ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్తగా వచ్చే ఇలాంటి కేసుల్లో సగం దాకా తగ్గుతాయని అంచనా కూడా వేసింది. ఒక్క షికారుతో పిచ్చెక్కుతుందని ఎవరూ అనడం లేదు. ఇంట్లో స్కిజోఫ్రెనియా చరిత్ర ఉన్నవారు మాత్రం ఒక్కసారికి కూడా దూరంగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: అక్కడ తాగింది అక్కడితో సరి, మన చట్టానికి సంబంధం లేదు.

చాలామంది లాయర్లకే గుర్తుండని వాక్యం ఒకటి మన 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) మొదటి సెక్షన్‌లోనే ఉంది. 2001 సవరణతో ఆ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. విదేశంలో జరిగిన దాని మీద ఇక్కడ విచారణ నడపాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి కాబట్టి, పడవలో తాగి వచ్చినవాడి ఇంటికి పోలీసులు వస్తారని చెప్పను. కానీ ‘సంబంధం లేదు’ అన్న మాట మాత్రం తప్పు.

సామాను మాటకొస్తే ఊహాగానాలకే తావులేదు. స్నేహితులకని ఒక కేక్ ముక్క పెట్టెలో పెట్టుకొచ్చినా అది మత్తుపదార్థం దిగుమతే. చట్టం గంజాయి కలిసిన మిశ్రమాలనూ గంజాయిగానే చూస్తుంది. మిశ్రమంలోని మత్తు లేని పదార్థం బరువునూ కలిపే లెక్కగట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మైదా, వెన్న, చక్కెర అన్నీ తూకంలోకి వస్తాయి. కాశీలో భంగు దుకాణాలున్నాయి కదా అంటారు కొందరు. పూత లేని ఆకును చట్టం తన నిర్వచనంలోంచి తప్పించింది కాబట్టి అవి నడుస్తున్నాయి. కాఫీషాపు సరుకు పూతా, బంకా. శంషాబాద్‌లో బ్యాంకాక్ విమానాల నుంచి దిగినవారి దగ్గర హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా పెంచిన) గంజాయి పట్టుబడుతున్న వార్తలు చూస్తూనే ఉన్నాం. ఆ థాయ్‌లాండ్ కూడా 2022లో తెరిచిన తలుపును 2025లో వైద్యుల చీటీ ఉన్నవారికే పరిమితం చేసింది. గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లు జేబుల్లో పొడి కూడా మిగలకుండా చూసుకోవాలి.

అమెరికా వీసా మీద ఆశలున్నవారికి మరో మాట. అక్కడ ఎన్ని రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టానికి గంజాయి నిషిద్ధమే, వలస వ్యవహారాలు చూసేది ఆ ఫెడరల్ చట్టమే. వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే వీసా నిరాకరణకు దారితీయొచ్చు. పడవలో తీసుకున్న ఫొటోలు ఎక్కడ పెడుతున్నారో ఆలోచించండి.

అపోహ: ఎవరికైనా బాగోకపోతే దాచిపెట్టాలి, ఆసుపత్రికి వెళితే పోలీసులు పట్టుకుంటారు.

ఈ భయమే కొంప ముంచుతుంది. ముఖం పాలిపోవడం, చెమటలు, గుండె దడ, చచ్చిపోతున్నానన్న భయం, వాంతులు మోతాదు ఎక్కువైందనడానికి గుర్తులు. మనిషిని నీటి అంచుకు దూరంగా కూర్చోబెట్టాలి, మంచినీళ్లివ్వాలి, ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఛాతీ నొప్పి, మూర్ఛ, లేపినా లేవకపోవడం, లేనివి కనిపించడం ఉంటే వెంటనే 112కు ఫోన్ చేయాలి. డాక్టర్లు రోగి రహస్యాన్ని కాపాడాల్సినవారు. వాళ్లకు కావాల్సింది నాలుగు నిజాలు: ఏం తీసుకున్నారు, ఎంత, ఎన్ని గంటలకు, మందు కూడా తాగారా.